దంపతులలో రెండవవారు: వృద్ధుల ఉచిత బస్సు ప్రయాణమును గూర్చి ఒక విచారణ

సంస్కృతమున 'దంపతీ' యనునది ద్వివచనము. భార్యయు భర్తయు కలిసియే ఆ మాట. అందులో ఒకరిని తీసివేసినచో మాటయే నిలువదు. తెలుగున ద్వివచనము లేదు గావున మనము 'దంపతులు' అని బహువచనమున వాడుకొనుచున్నాము. ప్రభుత్వములు వృద్ధులకు దయచేయు ప్రయాణపు చీటికి మాత్రము ఏకవచనము తప్ప మరియొకటి తెలియదు. తెలుగు చెప్పుకొని బ్రతుకు దానను గనుక ఈ విషయము నా కంటికి మొదట వ్యాకరణ దోషముగనే తోచినది. తరువాత ఒక సంఘటనచే అది వ్యాకరణమునకు మించిన విషయమని తెలిసినది.

2024వ సంవత్సరమున ఒక శనివారము ఉదయమున త్యాగరాయనగరు బస్సు నిలయమునందు, పూర్వము తెలుగు పండితులుగా పనిచేసి విశ్రమించిన ఒక పెద్దలును, వారి భార్యయు నాకు కనిపించిరి. ఆయనకు 68 ఏండ్లు, ఆమెకు 57. ఎగ్మూరులోని కంటి ఆసుపత్రికి పోవలసియున్నది. చూపు మందగించినది ఆయనకు. మొదట వచ్చినది డీలక్సు బస్సు. "ఏమండీ, మీరు దీంట్లో వెళ్ళి చీటీ రాయించుకోండి. నేను తెల్లబోర్డు బండిలో వెనకాలే వస్తాను" అని ఆమె ఆయనను చేయిపట్టి ఎక్కించినది. ఆయన జేబులో వృద్ధుల టోకెను కలదు. అది ఆ బస్సున చెల్లును. ఆమెకు ఉచితము సాధారణ బస్సున మాత్రమే. ఒకే ఆసుపత్రికి, ఒకే జత కన్నుల నిమిత్తమై, ఇరువురును రెండు బస్సులలో పోయిరి. అందును చూపు లేనివారు ఒంటరిగా పోయిరి. టిక్కెట్టు సొమ్ము నేనిత్తునని అనగా, "వద్దమ్మా, ఇవాళ నువ్విస్తావు. వచ్చే శనివారం ఎవరిస్తారు?" అని ఆమె నవ్వినది.

ఈ స్థితి యెట్లు ఏర్పడినదో తెలియుటకు రెండు పథకములను వేరువేరుగ చూడవలెను.

మొదటిది వృద్ధులది. 2016 ఫిబ్రవరిలో నాటి జయలలితగారి ప్రభుత్వము దీనిని ప్రారంభించినది. చెన్నైలో నివసించుచు 60 ఏండ్లు నిండినవారు మహానగర రవాణా సంస్థ బస్సులలో, శీతల యంత్రములు గలవి తప్ప తక్కినవానిలో, నెలకు 10 పర్యాయములు ఉచితముగ ప్రయాణము చేయవచ్చును. గుర్తింపు కార్డుతోపాటు టోకెన్లను ఇత్తురు. బస్సు ఎక్కినపుడు ఒక టోకెనును కండక్టరునకు ఇచ్చివేయవలెను. నివాసమునకు రేషను కార్డును, వయస్సునకు ఆధారు వంటి పత్రమును చూపవలెను. ఇందు ఆదాయమును అడుగరు; పింఛను కలదా లేదా యనియు అడుగరు. ఇది మెచ్చదగిన విషయము. దీనిని గూర్చి ముందు మరల ప్రస్తావించెదను.

రెండవది స్త్రీలది. 2021 మే 7వ తేదీన అధికారమును స్వీకరించిన స్టాలిన్‌గారు తొలినాడే సంతకము చేసిన ఆజ్ఞలలో ఇది యొకటి. మరునాటినుండియే రాష్ట్రమందలి సాధారణ రుసుముగల పట్టణ బస్సులలో స్త్రీలందరును టిక్కెట్టు ధర లేకుండ ప్రయాణము చేయసాగిరి. దీనివలన రవాణా సంస్థలకు కలుగు నష్టమును పూరించుటకై తొలుత 1,200 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. ఇందు వయస్సు లేదు, లెక్క లేదు, నివాస పత్రము లేదు. బస్సు ముందుభాగమున గులాబీ రంగు పూయుట 2022లో మొదలైనది. అక్షరములు రాని ముసలమ్మకు సయితము ఏది తన బస్సో దూరమునుండి తెలియుటకు ఆ రంగు చేసిన ఉపకారము ఇంతంత కాదు. 2021 జూన్‌లో ఈ సౌకర్యము తృతీయ ప్రకృతివారికిని, దివ్యాంగులకును, దివ్యాంగుల వెంటనుండు ఒక సహాయకునకును విస్తరింపబడినది. ఈ చివరి మాటను పాఠకులు జ్ఞాపకమునం దుంచుకొన గోరెదను. 'వెంట నుండువారు' అను భావము మన రవాణా నిబంధనలకు క్రొత్తది కాదని దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడీ రెంటిని ఒక దంపతులకు అన్వయించి చూతము. భర్తకు 60 దాటినవి, భార్యకు దాటలేదు. సాధారణ బస్సు ఎక్కినచో ఆమెకు ఉచితము. ఆయనకు ఒక టోకెను ఖర్చు. డీలక్సు ఎక్కినచో ఆయనకు టోకెను, ఆమెకు టిక్కెట్టు. భర్తకు 60 నిండక, నడక కష్టమై పనిమానుకొని ఇంట కూర్చున్నవాడైనచో ఆమెకు ఉచితము, ఆయనకు మాత్రము ఏ బస్సునందైనను టిక్కెట్టు. ఇరువురును ఒకే నియమముపై ఒకే బస్సు ఎక్కు సందర్భము ఇరువురికిని 60 దాటిన తరువాతనే వచ్చును. మన సమాజమున భార్యాభర్తల వయస్సునందు ఐదు మొదలు పది పన్నెండేండ్లవరకు అంతరము సామాన్యము. పాత తరమున మరియు నెక్కువ. కావున ఈ ఎడము ఏదో ఒకటి రెండు కుటుంబములది కాదు. భర్త 60వ ఏటను దాటి ముదిమిలో ప్రవేశించు సమయమున, తోడు ఎక్కువగ కావలసిన ఆ పది సంవత్సరములలోనే చట్టము వారిని రెండు బస్సులలో కూర్చుండబెట్టుచున్నది.

పది టోకెన్లు చాలవా యని అడుగువారు కలరు. లెక్క వేయుదము. పోవుటకొకటి, వచ్చుటకొకటి, పది టోకెన్లకు ఐదు రాకపోకలు. ఇది నేరుగ పోవు బస్సున్నచో. నడుమ బస్సు మారవలసివచ్చినచో పోవుటకు రెండు, వచ్చుటకు రెండు. అపుడు పది టోకెన్లకు రెండున్నర రాకపోకలు. ఆ అర రాకపోక అనగా పోయి తిరిగిరాలేని ప్రయాణము. నెలలో రెండుసార్లు ఆసుపత్రికి పోయిన మనిషికి ఇక గుడికిగాని, కూతురింటికిగాని, మన సంఘపు సభకుగాని మిగులునది అదియే. మూత్రపిండముల వ్యాధిచే వారమునకు రెండు మూడు పర్యాయములు రక్తశుద్ధికై పోవువారి మాట చెప్పనే అక్కరలేదు.

మన తెలుగువారికి ఇందు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. త్యాగరాయనగరు పిట్టి త్యాగరాయచెట్టిగారి పేర వెలసినది. దాని నడుమనున్న పానగల్ పార్కు 1921 మొదలు 1926 వరకు మద్రాసు ప్రభుత్వమునకు ప్రధానమంత్రిగ నుండిన పానగల్లు రాజా రామరాయణింగారి పేరిటిది. ఆ తరములనుండి ఇచ్చటనే పుట్టి పెరిగిన తెలుగువారికి తమిళపు బోర్డులు చదువుట సమస్య కాదు. కాని నెల్లూరునుండియో గుంటూరునుండియో విశ్రాంతి పొందిన పిమ్మట కొడుకునొద్దకు వచ్చి చేరిన తల్లిదండ్రుల సంగతి వేరు. వారి రేషను కార్డు ఇప్పటికిని ఊరిలోనే యుండును. అందుచే ఆ తండ్రికి వృద్ధుల టోకెను దొరకదు. తల్లి సాధారణ బస్సునందు ఏ పత్రము లేకయే పోవచ్చును గాని, బస్సుమీద వ్రాసినది ఆమెకు చదువరాదు. భర్త కూడదీసికొని అక్షరములు చదువును. చదువగలవానికి టిక్కెట్టు, ఉచితముగ పోగలదానికి చదువు రాదు. ఇద్దరు కలిసినగాని ఒక ప్రయాణము కాదు. ఇటువంటి ఇంటివారిని నేను మా వీధిలోనే మువ్వురను ఎరుగుదును.

ఇక మన రాష్ట్రములకు పోయినపుడేమి? తెలంగాణమున 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకమును, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకమును ప్రారంభమైనవి. కర్ణాటకమున అంతకుముందే 2023 జూన్ 11న శక్తి పథకము వచ్చినది. ఈ మూడింటను ఆయా రాష్ట్రపు నివాసమును చూపు పత్రము కావలెను. చెన్నై చిరునామాతో ఆధారు గల తెలుగు స్త్రీ తడ దాటినంతనే ఆంధ్రప్రదేశపు బస్సున పరాయిది. ఇది వారి తప్పనను. తమ ఖజానాను తాము కాచుకొనుట ప్రభుత్వములకు సహజము. అయితే ఇచ్చటి పత్రము అచ్చట చెల్లక, అచ్చటి పత్రము ఇచ్చట చెల్లక, నడుమ నిలుచువారు మనమే యని గుర్తింపవలసియున్నది.

దంపతులను ఒక జతగ గుర్తించు ఆచారము మన దేశమున లేకపోలేదు. రైలు శాఖ దీనిని ఏనాడో గుర్తించినది. విశ్రాంతి పొందిన రైలు ఉద్యోగికి సంవత్సరమునకు కొన్ని ఉచిత పాసులు లభించును. ఆ పాసునందు భర్త పేరితోపాటు భార్య పేరును, భార్య ఉద్యోగినియైనచో భర్త పేరును ఉండును. ఉద్యోగి గతించిన పిమ్మట సంఖ్య తగ్గించియైనను వితంతువునకు పాసు కొనసాగును. పెరంబూరు ప్రాంతమున రైలు కర్మాగారములలో పనిచేసి విశ్రమించిన తెలుగు కుటుంబములవారు తిరుపతికో విజయవాడకో పోవునపుడు ఇరువురును ఒక పాసుమీదనే పోవుట మనమెరిగినదే. స్వాతంత్ర్య సమరయోధులకు 1972లో భారత ప్రభుత్వము పింఛను ఏర్పరచినపుడును, పిదప రైలు పాసు ఇచ్చినపుడును, వారి భార్యలను, తోడువచ్చువారిని మరువలేదు.

తక్కినచోట్ల భార్య యెప్పుడు కనబడునో చూడుడు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు కుటుంబ పింఛను పద్ధతి 1964 జనవరినుండి అమలునకు వచ్చినది. అది గొప్ప మేలు. అంతకుముందు భర్త పోయినతోడనే పలు ఇండ్లకు రాబడి పోయెడిది. కాని ఆ పద్ధతియందు భార్య పేరు పింఛను పుస్తకమున ఫలితమునిచ్చునది భర్త మరణించిన తరువాతనే. ఆయన జీవించియున్నంతకాలము ఆమె ఫొటో ఆ కాగితముపై అతికింపబడి యుండును, అంతే. ముప్పది నలుబది సంవత్సరములు ఆయనకు వేళకు అన్నము పెట్టి ఉద్యోగమునకు పంపిన మనిషికి తన పేర పింఛనులేదు, తన పేర జీతపు చీటి లేదు; కనుక పింఛనుదారునకు మాత్రమే ఇచ్చు సౌకర్యములు ఆమెను తాకవు. పింఛనుదారుని భాగస్వామికిని ప్రయాణ సౌకర్యమును విస్తరింపవలెనను కోరిక దయాధర్మమును కోరుట కాదని నా యభిప్రాయము. ఆ పింఛను సంపాదనలో ఆమె భాగమును ఆమె జీవించియుండగనే, ఆయన జీవించియుండగనే లెక్కలోనికి తెచ్చుటయే యది.

అయితే 'పింఛనుదారులు' అనగా ఎవరు? ఇచ్చట కొంచెము నిదానింపవలెను. ప్రభుత్వపు ఉన్నత పదవులలోనుండి విశ్రమించినవారికి బస్సు టిక్కెట్టు బరువు కాదు. తమిళనాడున 1962నుండి అమలులోనున్న వృద్ధాప్య పింఛను 2023లో నెలకు 1,200 రూపాయలకు పెంచబడినది. అది పొందువారి మాట వేరు. ఈ రెంటికి నడుమ ప్రైవేటు కొలువులలో జీవితమును గడిపినవారున్నారు. ఉస్మాన్ రోడ్డు బట్టల కొట్లలో నలుబది యేండ్లు చీరలు మడతపెట్టినవారు, చిత్రపరిశ్రమ హైదరాబాదునకు తరలిపోగా కోడంబాకమునను సాలిగ్రామమునను మిగిలిపోయిన తెలుగు సాంకేతికులు, చిన్నవేషముల నటులు, అచ్చుకూటములలో తెలుగు అక్షరములు కూర్చినవారు. వీరిలో ఎందరికో పింఛనే లేదు. భవిష్యనిధి సంస్థవారి 1995నాటి పింఛను పథకమునందు కనీసపు మొత్తము 2014లో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. 2018 జనవరి సవరణల పిదప చెన్నైలో సాధారణ బస్సు కనిష్ఠ రుసుము 5 రూపాయలు, డీలక్సున 11 రూపాయలు. ఆ కనిష్ఠ రుసుము చొప్పుననే దంపతులిరువురు డీలక్సున ఒకసారి పోయిరాగా 44 రూపాయలగును. నెలకు ఎనిమిది పర్యాయములు పోయినచో 352. వేయి రూపాయల పింఛనులో మూడవవంతు దాటినది. ఇందువలననే పింఛనును గీటురాయిగ పెట్టక వయస్సును పెట్టిన చెన్నై పద్ధతిని నేను పైన మెచ్చుకొంటిని. పింఛను పుస్తకము చూపినవారికే యన్నచో చీరల కొట్టు ముసలాయన మొదటనే తొలగిపోవును; ఆయన భార్య ఆ వెనుకనే తొలగిపోవును.

ఇతర దేశములవారు దీనిని ఎట్లు పరిష్కరించిరి? ఇంగ్లండు కథ చిత్రమైనది. బర్మింగ్‌హాము నగర కార్పొరేషనువారు 1953 ప్రాంతమున 70 ఏండ్లు దాటిన పురుషులకును, 65 దాటిన స్త్రీలకును తమ బస్సులలో ఉచిత ప్రయాణము నేర్పరచిరి. పన్ను చెల్లించు పౌరుడొకడు న్యాయస్థానమున కెక్కెను. కార్పొరేషను తనచేతనున్న పన్నుల సొమ్మునకు ధర్మకర్త వంటిది. ఒక వర్గమువారికి, ఎంత సదుద్దేశముతోనైనను, చట్టము స్పష్టముగ అధికార మీయనిదే కానుకలు చేయరాదు అని 1954లో అప్పీలు న్యాయస్థానము తీర్పుచెప్పినది. వృద్ధులు బస్సులు దిగవలసివచ్చునను ఆందోళన దేశమంతట వ్యాపింపగా, 1955లో పార్లమెంటు చట్టముచేసి అమలులోనున్న సౌకర్యములను నిలబెట్టెను. వృద్ధుల ఉచిత ప్రయాణము అధికారి దయపై నిలువదు, చట్టముపై నిలువవలెను అని ఆ తీర్పు తెలియకయే బోధించినది.

ఆ దేశముననే మరియొక చిక్కు మన చిక్కును పోలియున్నది. అచ్చట ప్రభుత్వ పింఛను వయస్సు స్త్రీలకు 60, పురుషులకు 65గ నుండెను. పలు మండలులు బస్సు రాయితీని ఆ వయస్సులతోనే ముడిపెట్టినవి. 63 ఏండ్ల భర్తకు పూర్తి టిక్కెట్టు, 60 ఏండ్ల భార్యకు రాయితీ. అట్కిన్సు అను నతడు రెకిన్ జిల్లా మండలిపై తెచ్చిన వ్యాజ్యము ఐరోపా న్యాయస్థానమువరకు పోయినది. 1996లో అతడు ఓడిపోయెను. ఓడినను వాదము చావలేదు. 2002లో చట్టము మారి స్త్రీపురుషుల కిరువురికిని 60గ సమానము చేయబడినది. 2008 ఏప్రిల్ 1నుండి ఇంగ్లండు మొత్తమున వృద్ధులకు స్థానిక బస్సులు, రద్దీ లేని వేళలలో, ఉచితమైనవి. అయినను ఆ కార్డు వ్యక్తిదే. భాగస్వామికి దానిలో చోటులేదు.

చోటు కల్పించినది ఐర్లండు. 1967లో ఆర్థికమంత్రి చార్లెస్ హాహీ తన బడ్జెటునందు వృద్ధ పింఛనుదారులకు ఉచిత ప్రయాణమును ప్రవేశపెట్టెను. ఆ దేశపు పాసు మూడు విధములు. ఒకటి వ్యక్తికి. రెండవది వ్యక్తికిని, వెంటవచ్చు భార్యకుగాని భర్తకుగాని. మూడవది ఒంటరిగ ప్రయాణింపలేని వారికి, వారి వెంటవచ్చు ఎవరైన ఒక సహాయకునకు. రెండవ రకపు పాసునందు భాగస్వామి వయస్సు ఎంతయని అడుగరు. వివాహితులై ఇరువురు కలిసి ప్రయాణించిన చాలును. భాగస్వామి ఆ పాసుతో ఒంటరిగ పోరాదు. 2025 సెప్టెంబరునుండి 70 ఏండ్లు నిండినవారందరికిని సహాయకుని తీసికొనిపోవు హక్కును కలిగించిరి. మన ద్వివచనమునకు సరియైన చీటి ఇదియే గదాయని నేను తొలుత సంతోషించితిని. లక్సెంబర్గు దేశమున 2020 ఫిబ్రవరి 29నుండి దేశమంతట అందరికిని ప్రయాణము ఉచితమే గనుక అచ్చట ఈ ప్రశ్నయే పుట్టదు. అంత చిన్న, అంత సంపన్నమైన దేశముతో మనకు పోలిక కుదరదు.

ఐర్లండు పద్ధతిని కొంత ఆలోచించిన పిమ్మట నాకొక సందేహము కలిగినది. భార్య హక్కు భర్త ప్రక్కనున్నంతవరకే యైనచో, ఆయన గతించిననాడు ఆమె చీటియు గతించును. పదియేండ్లు ఆయన వెంట ఊరెల్ల తిరిగిన మనిషి, కర్మకాండ ముగిసి, కుటుంబ పింఛను కాగితములకై కార్యాలయముల చుట్టు తిరుగవలసిన నెలలోనే టిక్కెట్టు కొనవలసివచ్చును. ఆమె బస్సు ఎక్కవలసిన అవసరము ఆ నెలలో తగ్గదు, పెరుగును. రైలు శాఖవారు వితంతు పాసును ప్రత్యేకముగ నియమించుటలోని వివేకమిది. కావున భాగస్వామికి హక్కును ఇచ్చునపుడు అది 'వెంట వచ్చు హక్కు'గ మాత్రమే యుండరాదు. ఒకరు గతించినచో రెండవవారికి తనదిగ మారవలెను.

నా మనస్సునకు తోచిన ఏర్పాటు ఇట్టిది. దంపతులలో ఒకరికి 60 నిండగనే ఇరువురి ఫొటోలతో ఒక కార్డు ఈయవలెను. టోకెన్లు ఆ కార్డున కిచ్చినవి గావలెను గాని వ్యక్తికి కాదు, నెలకు 20. భర్తయే 20 వాడుకొన్నను, భార్యయే వాడుకొన్నను, చెరి పది వాడుకొన్నను ప్రభుత్వమునకు భేదము లేదు. ఆసుపత్రికి పోవలసినవారు ఎక్కువ వాడుకొందురు, మోకాళ్ళ నొప్పిచే ఇల్లు కదలనివారు తక్కువ. ఇంటిలో దేనిని ఎవరికెంత యని పంచుకొనుట దంపతులకు క్రొత్తగ నేర్పవలసిన విద్య కాదు. అవివాహితులకును, ఒంటరులకును, 70 దాటినవారికిని భాగస్వామికి మారుగ ఏ తోడునైనను అనుమతింపవలెను. కూతురు కావచ్చును, ఎదురింటి కుఱ్ఱవాడు కావచ్చును.

దీనికి చెప్పబడు ఆక్షేపణలలో గట్టిది ఖర్చు. సాధారణ బస్సులలో స్త్రీలు ఇదివరకే ఉచితముగ పోవుచున్నందున, భాగస్వాములలో అత్యధికులైన భార్యలవలన క్రొత్తగ కలుగు నష్టము ఆ బస్సులలో ఏమియు లేదు; తక్కిన రకముల బస్సులలో మాత్రమే లెక్కకు వచ్చును. మరియు మధ్యాహ్నము పదకొండు మొదలు నాలుగువరకు త్యాగరాయనగరునుండి బయలుదేరు బస్సులలో, పండుగల బేరములున్న దినములు తప్ప, ఖాళీ సీటు దొరకుట కష్టము కాదు. ఖాళీగ పోవు సీటున ఒక ముసలమ్మ కూర్చుండుటవలన డీజిలు అదనముగ కాలదు. ఇంగ్లండువారివలె వేళల నియమము పెట్టినను నాకు అభ్యంతరము లేదు, ఆసుపత్రి వేళలను గమనించి పెట్టినచో. మన ప్రభుత్వాసుపత్రులలో బయటి రోగుల చీటి ఉదయముననే వ్రాయుదురు. తొమ్మిదిన్నర తరువాత ఉచితమన్నచో అది ఇచ్చి పుచ్చుకొన్నట్లే.

రెండవ ఆక్షేపణ మోసము. ఎవరినో చూపి భార్యయందురు, భర్తయందురు అని. వివాహ పత్రము అడుగవలెనందురు. తమిళనాడున వివాహముల నమోదు 2009నాటి చట్టముచే తప్పనిసరి యైనది. దానికి ముందు పెండ్లియైన మన పెద్దలలో ఎందరికి అట్టి పత్రము కలదు? వారియొద్ద నున్నది పసుపు పూసిన లగ్నపత్రికయో, మాసిన శుభలేఖయో. అందును వధువు పేరు 'చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి' అని మొదలై, ఆధారులో నున్న పేరితో సరిపోలదు. మా అమ్మగారి పేరు మూడు కాగితములలో మూడు విధములు. కాని వృద్ధుల టోకెనుకై ఇదివరకే చూపుచున్న రేషను కార్డునందు కుటుంబ సభ్యుల పేర్లన్నియు నున్నవి. ఆ కార్డే ఈ పనికిని చాలును. క్రొత్త పత్రమేదియు అక్కరలేదు.

ఈ వ్యాసము వ్రాయుచు నేను మన సభ్యులలో కొందరను విచారించితిని. మన సాయంకాల సభలకు వృద్ధ దంపతులలో ఒకరే వచ్చుట ఎక్కువైనదని అందరు నెరుగుదురు. కారణము ఆరోగ్యమని తలచుచుంటిమి. అడుగగా తెలిసినది వేరు. రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట సాధారణ బస్సు ఎప్పుడు వచ్చునో తెలియదు, వచ్చినది డీలక్సైనచో ఒకరికి టిక్కెట్టు, దానికన్న ఒకరు ఇంటనుండుటయే మేలు. ఎవరు ఇంటనుందురో నేను అడుగలేదు. సభలోని కుర్చీలను చూచినచో తెలియును.

చేయదగిన పనులలో కొన్ని ప్రభుత్వమువి, కొన్ని మనవి. కార్డును దంపతుల పేర ఇచ్చుటకు రవాణా శాఖకు విన్నపము పంపవలెను. అందులో తెలుగువారమని ప్రత్యేకముగ కోరవలసినదేమియు లేదు, ఇది తమిళ సోదరుల ఇండ్లలోనిదియే. మనది మాత్రమైన పని మరియొకటి కలదు. రేషను కార్డు ఊరిలో నిలిచిపోయినవారు దానిని ఇచ్చటికి మార్చుకొనుటకు కావలసిన దరఖాస్తులు తమిళమున నుండును. మా పదియవ తరగతి పిల్లలు తమిళమును, తెలుగును రెంటిని వ్రాయగలరు. నెలకొక ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమున ఇద్దరు పిల్లలను కూర్చుండబెట్టినచో, ఆ కాగితములను పూర్తిచేసి ఇత్తురు. పిల్లల తల్లిదండ్రులతో నేను మాటలాడితిని, వారు అంగీకరించిరి. బల్లయు, రెండు కుర్చీలును సంఘమువారు ఈయవలెను.

ఆ పండితుల భార్యకు 2027లో 60 నిండును. నాడు ఆయనకు 71. శస్త్రచికిత్స జరిగి ఒక కంటికి చూపు కొంత వచ్చినది. రెండవదానికి ఇంకను శనివారములు పోవుచున్నారు, ఆయన ముందు బస్సున, ఆమె వెనుక బస్సున.